విద్యార్థి మిత్రులతో అక్టోబర్‌ఫెస్ట్‌కు వెళ్ళి రావడం ఎలా: ఒక పూట పండుగ, మూడు రోజులు ఊళ్ళు

సెప్టెంబరులో జర్మనీలో దిగిన తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో గది దొరికిందా, ఊరి కార్యాలయంలో చిరునామా నమోదైందా అన్న ప్రశ్నలు తీరీ తీరకముందే వచ్చే మూడో ప్రశ్న, మ్యూనిక్ నగరంలో జరిగే బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్‌కు ఎప్పుడు వెళ్దాం అన్నదే. నేను అక్కడ చదువుకున్న రోజుల్లో మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆరుగురం వీపున బ్యాగులు తగిలించుకుని, పండుగ మధ్యలో వచ్చే శనివారం పగలు పన్నెండున్నరకు మైదానం ముందు దిగాం. బ్యాగులతో లోపలికి రానివ్వం అన్నారు. వాటిని దాచే చోటు వెతికి, వరుసలో నిలబడి, డబ్బు కట్టి లోపలికి వెళ్ళేసరికి పెద్ద బీరు గుడారాలన్నీ నిండిపోయి తలుపులు మూసి ఉన్నాయి. బవేరియా విగ్రహం కింద గడ్డి వాలు మీద కూర్చుని, తలా ఒక బ్రెట్సెల్ అనే ఉప్పు రొట్టె తిని, లోపలి నుంచి వచ్చే బ్యాండు మేళం వింటూ సాయంత్రం దాకా గడిపి వెనక్కి వచ్చాం. అందుకే ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఒకే లెక్క చుట్టూ తిరుగుతాయి. పండుగకు పనిదినాన పగటిపూట ఒక్కటి కేటాయించండి, మిగిలిన రోజులూ డబ్బూ చుట్టుపక్కల ఊళ్ళకు పెట్టండి.

ముందుగా రోజు ఎంచుకోండి

పేరులో అక్టోబరు ఉన్నా ఈ పండుగలో ఎక్కువ భాగం సెప్టెంబరులోనే జరుగుతుంది. సెప్టెంబరు 15 దాటిన తరువాత వచ్చే శనివారం మొదలై, అక్టోబరు మొదటి ఆదివారం దాకా సాగుతుంది. ఆ ఆదివారం ఒకటో తేదీనో రెండో తేదీనో పడితే, జర్మనీ ఐక్యతా దినమైన అక్టోబరు 3 వరకు పొడిగిస్తారు. 2026లో సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు జరుగుతుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో శీతాకాలపు సెమిస్టరు కాగితం మీద అక్టోబరు 1న మొదలైనా, తరగతులు నెల మధ్యలో గానీ మొదలుకావు కనుక కొత్తగా వచ్చినవారికి కూడా ఈ రోజులు ఖాళీగానే దొరుకుతాయి.

ఇది 1810 నాటి పెళ్ళి సందడి. ఆ ఏడాది అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు థెరేసా రాకుమారితో వివాహం జరిగింది. అయిదు రోజుల తరువాత ఊరి బయట పచ్చిక మైదానంలో గుర్రపు పందేలు పెట్టారు. మైదానానికి పెళ్ళికూతురి పేరు మీద థెరేసియన్‌వీజె అన్న పేరు వచ్చింది, పందేలు పోయి పండుగ మిగిలింది. స్థానికులెవరూ అక్టోబర్‌ఫెస్ట్ అనరు, ‘వీజన్’ అంటారు. దారి అడిగేటప్పుడు ఆ మాట వాడితే అడిగినవారి ముఖంలో తేడా కనబడుతుంది.

సోమవారం నుంచి గురువారం లోపు ఒక రోజు ఎంచుకోండి. మంగళవారం కుటుంబాల రోజు, రాత్రి ఏడు గంటల వరకు రంగులరాట్నాల టికెట్ల మీద తగ్గింపు ఉంటుంది. తొలి శనివారం నగర మేయరు షోటెన్‌హామెల్ గుడారంలో సరిగ్గా పన్నెండు గంటలకు మొదటి పీపాకు కొళాయి దిగగొట్టి, తెరుచుకుంది అని బవేరియన్ యాసలో కేక వేస్తారు. అంతకు ముందు మైదానంలో ఎక్కడా బీరు పోయరు. ఆ క్షణం చూడాలంటే తెల్లవారకముందే వరుసలో నిలబడి, తరువాత పన్నెండు దాకా బల్ల వదలకుండా కూర్చోవాలి. దానికంటే ఆ ఉదయం వీధిలో సాగే గుర్రపు బళ్ళ ఊరేగింపు హాయిగా చూడవచ్చని నా అభిప్రాయం. మధ్య వారాంతాన్ని ‘ఇటలీ వారాంతం’ అంటారు, ఆల్ప్స్ దాటి అంతమంది వస్తారు. 2025లో సెప్టెంబరు 27వ తేదీ శనివారం జనం మరీ ఎక్కువై మైదానం ప్రవేశాలనే కొంతసేపు మూసివేయవలసి వచ్చింది.

గుంపును కూర్చుకోండి

నలుగురైదుగురు సరైన సంఖ్య. గుడారంలో ఒక బల్లకు పది మంది చొప్పున కూర్చోబెడతారు, రిజర్వేషన్ లేనివారు అప్పటికే కూర్చున్నవారిని అడిగి మిగిలిన చోట సర్దుకోవాలి. నలుగురికి జరిగేవారు ఎనిమిదిమందికి జరగలేరు. పైగా బవేరియా రాష్ట్రమంతా తిరగనిచ్చే బృంద రైలు టికెట్టు మీద అయిదుగురి వరకే ప్రయాణం చేయవచ్చు. గుంపులో తాగనివారు ఉంటే వారిని మిగిలినవారికి కాపలాదారుగా నియమించకండి. వారూ పండుగ చూడటానికే వచ్చారు, ఎవరి బాధ్యత వారిదే అని బయలుదేరే ముందే మాట అనుకోండి. ఖర్చుల లెక్క మాత్రం ఒకరి చేతిలోనే ఉండాలి.

అదే సమయంలో తలకు ఎంత ఖర్చు అన్నది కూడా తేల్చుకోండి. వీసా కోసం ముందుగా డబ్బు జమచేసే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు 992 యూరోలు అందే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. 2025లో లీటరు బీరు ధర గుడారాన్ని బట్టి 14.50 నుంచి 15.80 యూరోల దాకా ఉంది, అది ఏటా పెరుగుతూనే ఉంటుంది. రెండు లీటర్లు, ఒక పూట భోజనం, ఒక రంగులరాట్నం, ఇంటికి ఒక చిన్న పొట్లం బాదం మిఠాయి అనుకుంటే అరవై డెబ్బై యూరోలు ఇట్టే కరిగిపోతాయి. మైదానంలోకి ప్రవేశం ఉచితం, గుడారంలోకీ ఉచితమే. కనుక ప్రవేశ టికెట్టు పేరుతో ఎవరైనా అమ్మజూపితే అది మోసమని అర్థం. బల్ల రిజర్వేషన్ అన్నది వేరు. దాన్ని ఆయా గుడారాల నిర్వాహకులే తమ సొంత వెబ్‌సైట్లలో నెలల ముందే ఇస్తారు. పది మందికీ తలా రెండు లీటర్ల బీరుకూ అర కోడికీ కూపన్లు కొనాలి. రెండో ఏడు మా మిత్రుడొకడు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర సాయంత్రపు బల్లలో నాలుగు చోట్లు కొన్నాడు. తీరా గుడారం తలుపు దగ్గర ఆ కాగితం చెల్లదన్నారు, డబ్బు తిరిగి రాలేదు. పనిదినాన పదకొండు లోపు వెళ్ళేవారికి రిజర్వేషన్ అసలు అవసరమే లేదు.

బసను మ్యూనిక్‌లో వెతకకండి

పండుగ రోజుల్లో మ్యూనిక్ హాస్టళ్ళు పన్నెండు పడకల గదిలో ఒక మంచానికి మామూలు రోజుల్లో హోటల్ గదికి అడిగే ధర అడుగుతాయి. అందుకని ప్రాంతీయ రైలు మీద ముప్పావు గంట దూరంలో ఉన్న ఆగ్స్‌బర్గ్‌లో దిగండి. అక్కడా ధరలు కొంత పెరుగుతాయి గానీ భరించగలిగేంతలో ఉంటాయి, జూన్ లోపు బుక్ చేస్తే ఇంకా నయం. ఆ ఊరికి మరో సుగుణం ఉంది. మ్యూనిక్‌కూ, కోటల వైపు ఉన్న ఫ్యుస్సెన్‌కూ, ఉత్తరాన న్యూరెంబర్గ్‌కూ అక్కడి నుంచి ప్రాంతీయ రైళ్ళు ఉన్నాయి. సామాను ఒకే చోట పెట్టి మూడు వైపులా తిరగవచ్చు. బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోండి, అయిదుగురిలో ఒకరికైనా ఆ వారంలో వీసా అపాయింట్‌మెంటో పరీక్షో పడుతుంది.

రైలు టికెట్టు, గుర్తింపు పత్రాలు

సెమిస్టర్ ఫీజులోనే దేశమంతా చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్టు వస్తున్నవారు ఈ భాగం వదిలేయవచ్చు. రానివారు నెలసరి టికెట్టు తీసుకోవాలి, 2026 జనవరి నుంచి దాని ధర 63 యూరోలు. ఇది క్యాలెండరు నెలకు చెల్లుతుంది గనుక సెప్టెంబరు 29న బయలుదేరి అక్టోబరు 2న తిరిగివస్తే రెండు నెలల డబ్బు కట్టాలి. యాత్ర అంతా ఒకే నెలలో పడేలా చూసుకోండి. రెండో జాగ్రత్త, ఇది చందా. ఆ నెల పదో తేదీ లోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు తనంతట తానే ఖాతాలోంచి పోతుంది. బవేరియా బృంద టికెట్టు అయితే ఒక రోజుకే, అయిదుగురు పంచుకుంటే చాలా చవక. కానీ పనిదినాల్లో ఉదయం తొమ్మిది తరువాతే చెల్లుతుంది, వారాంతంలో రోజంతా చెల్లుతుంది. ప్రయాణికులందరి పేర్లూ దాని మీద ఉండాలి. ఈ రెండు టికెట్లూ తెల్ల రంగు ఐసీఈ లాంటి వేగపు రైళ్ళలో చెల్లవు. తొందరలో ఎదురుగా ఉన్నది ఎక్కేస్తే కనీసం 60 యూరోల జరిమానా తప్పదు. స్టేషన్ బోర్డుల మీద మ్యూనిక్ అని ఉండదు, మ్యున్షెన్ అని ఉంటుంది.

పాస్‌పోర్టూ, నివాస అనుమతి కార్డూ అసలువే దగ్గర ఉంచుకోండి. కొందరు ఒక రోజు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు కూడా వెళ్ళి రావాలనుకుంటారు, ఈ రెండు టికెట్లూ అక్కడి స్టేషన్ వరకు చెల్లుతాయి కూడా. అయితే 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటి వద్దా తనిఖీలు చేస్తోంది. తిరిగివచ్చే రైల్లో పోలీసులు ఎక్కి పత్రాలు అడుగుతారు, ఫోనులో ఫొటో చూపితే కుదరదు. కార్డు గడువు తీరి తాత్కాలిక పత్రంతో ఉన్నవారు ఈసారికి జర్మనీ దాటకపోవడమే మంచిది.

బట్టలు, సంచి, నగదు

మూడు లీటర్లకు మించిన సంచి మైదానంలోకి అనుమతించరు. కొలతల్లో చెప్పాలంటే 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 10 మందం. ల్యాప్‌టాప్ బ్యాగు తెచ్చి బతిమాలితే పనికాదు, ఎందుకంటే ఇది 1980లో ప్రవేశ ద్వారం దగ్గర బాంబు పేలి జనం చనిపోయిన మైదానం. గాజు సీసాలు కూడా నిషేధం. పాస్‌పోర్టు, నగదు, ఒక పల్చని వాన చొక్కా పట్టే నడుము సంచి ఒకటి సరిపోతుంది. రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, గుడారం లోపల మాత్రం చెమటలు పడతాయి, కనుక పొరలుగా వేసుకోండి. నేల మీద ఎప్పుడూ బీరు ఒలికి ఉంటుంది, గాజు ముక్కలూ ఉంటాయి గనుక వేళ్ళు కనబడే చెప్పులు వద్దు.

అక్కడి సంప్రదాయ దుస్తులైన తోలు నిక్కరూ, డిర్న్‌డల్ గౌనూ వేసుకోవాలా అని అందరూ అడుగుతారు. ఎవరూ బలవంతం చేయరు. రైల్వే స్టేషను దగ్గర వేలాడదీసిన చవక రకాల మీద ఎనభై యూరోలు తగలేయడం కంటే గళ్ళ చొక్కా, ముదురు రంగు ప్యాంటుతో వెళ్ళడం మేలు. డిర్న్‌డల్ వేసుకునే అమ్మాయిలు నడుము ముడి ఎటు వేస్తున్నారో చూసుకోవాలి. ఎడమ వైపు ముడి పెళ్ళి కాలేదని, కుడి వైపు ముడి తోడు ఉన్నారని చెబుతుంది.

గుడారాల్లో చాలాచోట్ల నగదే నడుస్తుంది. మైదానంలోని ఏటీఎంల ముందు వరుసలూ ఎక్కువ, రుసుమూ ఎక్కువ. ముందు రోజే మీ బ్యాంకు యంత్రం నుంచి చిన్న నోట్లుగా తీసుకుని ఉంచుకోండి.

పండుగ రోజు

ఉదయం ఇంట్లోనే కడుపునిండా తిని బయలుదేరండి. మ్యూనిక్ ప్రధాన స్టేషనులో దిగాక జనమంతా భూగర్భ రైలు ఎక్కి థెరేసియన్‌వీజె స్టేషనుకు పోతారు, అది కిక్కిరిసినప్పుడు రైళ్ళు అక్కడ ఆగకుండానే వెళ్ళిపోతాయి. మీరు నడవండి. పావుగంట నడక, దారి అడగనక్కరలేదు, తోలు నిక్కర్ల వెంట వెళితే చాలు. తిరిగివచ్చేటప్పుడు గోయెతెప్లాట్స్ స్టేషను నయం.

పనిదినాల్లో గుడారాలు పది గంటలకు తెరుస్తారు, శని ఆదివారాల్లో తొమ్మిదికి. పదకొండు లోపు లోపల ఉండాలి. మైదానంలో పద్నాలుగు పెద్ద గుడారాలు ఉంటాయి, గుడారం అన్నమాటే గానీ ఒక్కొక్కటి వేల మంది పట్టే కలప భవనం. బీరు పోసే హక్కు ఆరు మ్యూనిక్ బీరు తయారీశాలలకే ఉంది: ఆగుస్టీనర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, ష్పాటెన్. మొదటిసారి వెళ్ళేవారికి నేను ఆగుస్టీనర్ గుడారం చెబుతాను. అక్కడ ఇప్పటికీ చెక్క పీపాల నుంచే పోస్తారు, పక్క బల్ల మీద మ్యూనిక్ తాతలు మనవలతో కూర్చుని ఉంటారు. హోఫ్‌బ్రాయ్‌లో విదేశీయులు ఎక్కువ, బ్యాండు ముందు నిలబడి తాగే జాగా కూడా ఉంది, గోలా ఎక్కువే. లోపల చోటు దొరకకపోతే గుడారం పక్కనే ఉండే బయటి బల్లలు చూడండి, ఎండ కాస్తే అవే హాయి.

బల్ల ఎలా సంపాదించాలో చెబుతాను. రిజర్వేషన్ ఉన్న బల్లల మీద పేరూ సమయమూ రాసిన కాగితం ఉంటుంది. అందులో సాయంత్రం నాలుగో అయిదో అని ఉంటే అప్పటిదాకా మీరు కూర్చోవచ్చు, ఆ సమయానికి లేవమంటే వాదించకుండా లేవాలి. కాగితం లేని బల్ల దగ్గర ‘ఇస్ట్ హీర్ నోఖ్ ఫ్రై?’ అని అడగండి, ఇక్కడ ఖాళీ ఉందా అని అర్థం. కూర్చున్నవారికే వడ్డిస్తారు, నడవలో నిలబడితే మీ వంక చూసేవారుండరు.

వడ్డించే ఆమె వచ్చినప్పుడు గమనించండి. చెరో చేతిలో అయిదేసి, ఒక్కోసారి అంతకు మించి, లీటరు గాజు గ్లాసులను రొమ్ముకు ఆనించి పట్టుకుని, జనంలోంచి మొగ్గకుండా వస్తుంది. ఖాళీ గ్లాసే కిలోకు పైన బరువు. బల్ల మీద వాటిని ఒక్కసారిగా దించినప్పుడు వచ్చే మోత మా ఊళ్ళో బిందెలు దించిన చప్పుడులా ఉంటుంది. గ్లాసులు దించగానే డబ్బు ఇచ్చేయాలి, లెక్క చివర్లో చూసుకుందామంటే కుదరదు. గ్లాసు 14.90 అయితే పదహారు ఇచ్చి ‘ష్టిమ్ట్ జో’ అంటే చిల్లర ఉంచుకోమని అర్థం. మొదటి విడత కాస్త ఉదారంగా ఇస్తే రెండో విడత త్వరగా వస్తుంది.

ఆ లీటరు గ్లాసు పేరు మాస్. మన సినిమా ‘మాస్’కూ దీనికీ సంబంధం లేదు, స్థానికులు దీన్ని పొట్టిగా ‘మస్’ అంటారు. దీన్ని తేలికగా తీసుకోకూడదు. పండుగ కోసం ప్రత్యేకంగా కాచే ఈ బీరులో ఆల్కహాలు ఆరు శాతం దాకా ఉంటుంది, అంటే ఒక గ్లాసులో అరవై మిల్లీలీటర్ల ఆల్కహాలు. హైదరాబాదులో దొరికే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతం అనుకున్నా అందులో ఉండేది యాభై రెండే. ఒక మాస్ అంటే ఒక సీసా స్ట్రాంగ్ కంటే ఎక్కువన్నమాట, పైగా రుచి తియ్యగా, తేలికగా ఉండి మోసం చేస్తుంది. గంటన్నరకు ఒకటి, మొత్తానికి రెండు, ఇదే నేను పెట్టుకున్న హద్దు. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్ళలోకి చూడాలి, అందరూ పైకెత్తక ముందే గుటక వేయకూడదు. బ్యాండు పావుగంటకోసారి ‘ఐన్ ప్రోసిట్’ అనే పాట మొదలుపెడుతుంది, అప్పుడు గుడారమంతా గ్లాసులెత్తుతుంది. ప్రతిసారీ తాగాలన్న నియమం లేదు, ఎత్తితే చాలు. బెంచీల మీద ఎక్కి ఆడవచ్చు గానీ బల్లల మీదకు ఎక్కితే బయటికి పంపుతారు. గ్లాసును జ్ఞాపకంగా సంచిలో వేసుకోవడం వారి దృష్టిలో దొంగతనమే, ద్వారం దగ్గర పట్టుకుంటారు. దుకాణాల్లో కొనుక్కుని రసీదు ఉంచుకోండి.

తాగనివారికి ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్‌ఫెల్‌షోర్లె, కోలాలో నారింజ కలిపిన ష్పేట్సి, ఆల్కహాలు లేని బీరు ఉంటాయి. నీళ్ళు కూడా చవక కాదు. తిండి విషయంలో కొంత తెలిసి ఉండాలి. హెండల్ అంటే ఉప్పూ మిరియాలూ పట్టించి తిప్పుతూ కాల్చిన అర కోడి, మనవాళ్ళు ఎక్కువగా తినేది అదే, పక్కన నిమ్మకాయ అడిగి పిండుకుంటే రుచి తెలుస్తుంది. ష్టెకెర్లఫిష్ పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన చేప. హాక్సె పంది కాలు, ఓక్సె అంటే ఎద్దు మాంసం, ఆ మాటలు కనబడితే తిననివారు పక్కకు జరగండి. శాకాహారులకు జున్ను కలిపిన కేజెష్పెట్స్‌లె, పుట్టగొడుగుల పులుసుతో రొట్టె ఉండలు, చేతి వెడల్పు బ్రెట్సెల్, దానితో నంజుకునే జున్ను ముద్ద ఒబాట్స్‌డా దొరుకుతాయి. బంగాళదుంప సలాడ్‌లో కూడా ష్పెక్ అనే పంది మాంసపు తునకలు కలపవచ్చు, ‘ఓనె ఫ్లైష్’ అని, అంటే మాంసం లేకుండా అని, చెప్పి అడగండి.

సాయంత్రం ఆరు దాకా బ్యాండు సంప్రదాయ మేళమే మెల్లగా వాయిస్తుంది, మాటలు వినబడతాయి. ఆరు దాటాక పాప్ పాటలు మొదలై గుడారం రంగు మారుతుంది. నాలుగు గంటలకు గుడారం వదిలి బయటికి రావడం నా అలవాటు. మైదానంలో అసలు తిరునాళ్ళ అప్పుడే బాగుంటుంది: వేయించిన బాదం వాసన, పెద్ద జెయింట్ వీల్, తిరిగే చక్రం మీద కూర్చున్నవారిని ఒక్కొక్కరినీ విసిరిపారేసే టాయ్‌ఫెల్స్‌రాడ్. మైదానం పశ్చిమాన 1850లో నిలిపిన కంచు బవేరియా విగ్రహం ఉంది. దాని లోపలి మెట్లెక్కి తల దాకా వెళితే కళ్ళ సందుల్లోంచి మైదానమంతా కనబడుతుంది. విగ్రహం కింది గడ్డి వాలు సాయంత్రం దాటాక కూర్చోవడానికి పనికిరాదు. దాని ముద్దుపేరు కోట్స్‌హ్యూగెల్, అంటే వాంతుల గుట్ట.

ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే దాచిపెట్టకండి. షోటెన్‌హామెల్ గుడారం వెనుక ఉన్న సేవా కేంద్రంలో వైద్య శిబిరం, పోలీసు, పోయిన వస్తువుల కౌంటరు, ఆడపిల్లలకు ఇబ్బంది ఎదురైతే ఆదుకునే ప్రత్యేక కేంద్రం అన్నీ ఒకే చోట ఉన్నాయి. వైద్యానికి 112, పోలీసుకు 110. ఫోను సిగ్నల్ జనంలో పనిచేయదు గనుక విడిపోతే కలుసుకునే చోటు ఉదయమే అనుకోండి. బవేరియా విగ్రహం పాదాల దగ్గర అనుకోవద్దు, అందరూ అక్కడే అనుకుంటారు.

రాత్రి తిరుగు ప్రయాణం

చివరి బీరు పదిన్నరకు పోస్తారు, గుడారాలు ఖాళీ చేయగానే వేలమంది ఒకేసారి స్టేషనుకు నడుస్తారు. ఎనిమిది గంటలకే బయలుదేరితే ఆగ్స్‌బర్గ్ రైల్లో కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. రోడ్డు పక్కన పడి ఉన్న ఎలక్ట్రిక్ స్కూటరు మాత్రం ముట్టవద్దు. జర్మనీ చట్టం దాన్ని మోటారు వాహనంగానే చూస్తుంది. రక్తంలో ఆల్కహాలు వెయ్యికి 0.5 పాళ్ళు దాటితే కారు నడిపినవాడికి పడే శిక్షే పడుతుంది, ఇరవై ఒకటి నిండనివారికి హద్దు సున్నా. విదేశీ విద్యార్థికి పోలీసు కేసు జరిమానాతో పోదు, నివాస అనుమతి పొడిగించుకునేటప్పుడు మళ్ళీ ఎదురవుతుంది.

మిగిలిన రోజులు

బుధవారం రాత్రి ఆగ్స్‌బర్గ్ చేరి, గురువారం పండుగ చూశారనుకుందాం. శుక్రవారం ఫ్యుస్సెన్. రెండు గంటల లోపు రైలు, అక్కడి నుంచి బస్సులో హోహెన్‌ష్వాన్‌గావ్, ఎదురుగా కొండ మీద నొయ్‌ష్వాన్‌స్టైన్ కోట. పండుగ పెళ్ళికొడుకైన లుడ్విగ్ మనవడు రెండో లుడ్విగ్ దీన్ని 1869లో మొదలుపెట్టాడు, పూర్తికాకుండానే 1886లో చనిపోయాడు, కొన్ని వారాలకే కోటను జనానికి తెరిచారు. 2025లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. లోపలికి వెళ్ళే టికెట్టు మీద నిమిషంతో సహా సమయం ఉంటుంది, కొన్ని వారాల ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. కిందినుంచి కోట దాకా అరగంటకు పైగా ఎక్కుడు నడక, అయిదు నిమిషాలు ఆలస్యమైతే టికెట్టు వృథా. లోపల ఫొటోలు తీయనివ్వరు. టికెట్టు దొరకకపోయినా దిగులు పడనక్కరలేదు, అందరూ చూసిన ఆ బొమ్మ కనబడేది ఎదుటి లోయ మీది మేరీ వంతెన నుంచి, దానికి డబ్బు అక్కరలేదు.

శుక్రవారం సాయంత్రమో, శనివారం పొద్దున్నో ఆగ్స్‌బర్గ్‌లోనే ఫుగ్గెరై చూడండి. యాకోబ్ ఫుగ్గర్ అనే వ్యాపారి 1521లో ఊరి పేదల కోసం కట్టించిన ఇళ్ళ వాడ ఇది, ఈనాటికీ జనం కాపురముంటున్నారు. అద్దె ఏడాదికి 88 సెంట్లు, దానితో పాటు రోజుకు మూడు ప్రార్థనలు. గురువారం మీరు తాగిన ఒక్క మాస్ డబ్బుతో అక్కడ పదహారేళ్ళకు పైగా ఉండవచ్చు. మా గుంపులో ఈ లెక్క చేసిన తరువాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

శనివారం మ్యూనిక్ వైపు వెళ్ళకుండా నేరుగా న్యూరెంబర్గ్ పోవడంలోనే కిటుకు ఉంది, ఆ రోజు మ్యూనిక్ రైళ్ళలో కాలు పెట్టే చోటు ఉండదు. కోట, పాత ఊరు సాయంత్రానికి చూడవచ్చు. మధ్యాహ్నం మాత్రం న్యాయస్థానంలోని 600వ నంబరు గదికి వెళ్ళండి, 1945 నవంబరు నుంచి 1946 అక్టోబరు దాకా నాజీ నాయకుల విచారణ జరిగింది అందులోనే. మ్యూనిక్ దగ్గరి డాహౌ నిర్బంధ శిబిరాన్ని కూడా చూడాలనుకునేవారు దానికి వేరే రోజు కేటాయించాలి. పండుగకు వెళ్ళే దారిలో, అదే బట్టలతో, ఒక పూట అక్కడ ఆగి పోవడం తగదు. దక్షిణాన చదువుతూ అటే తిరిగి వెళ్ళేవారు న్యూరెంబర్గ్ బదులు రేగెన్స్‌బర్గ్ పెట్టుకోవచ్చు, డాన్యూబ్ మీది పన్నెండో శతాబ్దపు రాతి వంతెన ఒక్కదానికే ఆ ప్రయాణం తగును.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి గనుక రొట్టె, పళ్ళు, నీళ్ళు శనివారమే కొనిపెట్టుకుని, న్యూరెంబర్గ్ నుంచి గంట లోపు దూరంలోని బాంబెర్గ్ వెళ్ళండి. పాత పురపాలక భవనం ఏటి నడుమ వంతెన మీద నిలబడి ఉంటుంది. ఆ ఊరి ప్రత్యేకత రౌఖ్‌బీర్, బీచ్ కట్టెల పొగ మీద ఆరబెట్టిన మొలక బార్లీతో కాచే బీరు. మొదటి గుటక కట్టెల పొయ్యి మీద పొగచూరిన పాలలా అనిపించి మొహం చిట్లిస్తారు. అక్కడివారు మూడో గ్లాసుకు గానీ రుచి తెలియదంటారు, మీరు అర లీటరు ఒకటి నలుగురూ పంచుకుంటే చాలు. మధ్యాహ్నం రైలు అందుకుని, ఎవరి స్టేషనులో వారు దిగిపోకముందే ఖర్చుల లెక్క తేల్చి డబ్బు బదిలీ చేయించండి, కూపన్ల చిల్లరతో సహా.